గ్రూప్ వర్క్ అయ్యాక వెనక్కి తిరిగి చూసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫీల్డ్‌వర్క్‌కి వెళ్ళే ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్ పీజీ) విద్యార్థులు, కొత్తగా ఉద్యోగంలో చేరిన సోషల్ వర్కర్లు గ్రూప్ వర్క్ గురించి, అంటే కొంతమందిని గ్రూపుగా కూర్చోబెట్టి చేసే సోషల్ వర్క్ గురించి, పదే పదే అడిగే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి. గ్రూపు ఎలా ఏర్పాటు చేయాలి, మొదటి రోజు ఏ ఆట ఆడించాలి లాంటివి చాలా చోట్ల దొరుకుతాయి. సెషన్ అయిపోయాక ఏం ఆలోచించాలి, ఏం రాయాలి, రాసినదాన్ని వచ్చే వారం ఎలా వాడుకోవాలి అన్నది మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. అందుకే ఈ పేజీ అంతా దాని గురించే.

రోజూ రికార్డు రాస్తూనే ఉన్నాం కదా, మళ్ళీ ఈ రిఫ్లెక్షన్ ఏంటి?

రికార్డులో ఏం జరిగిందో ఉంటుంది. రిఫ్లెక్షన్‌లో మీరు ఏం చేశారు, దానివల్ల గ్రూపులో ఏం కదిలింది, వచ్చే వారం ఏం మార్చబోతున్నారు అన్నవి ఉండాలి. ఈ చివరిది లేకపోతే ఎంత బాగా రాసినా దానివల్ల గ్రూపుకి ఒరిగేదేమీ ఉండదు.

‘ఈ రోజు కిశోర బాలికలకు వ్యక్తిగత పరిశుభ్రత గురించి అవగాహన కల్పించాను. అందరూ చురుగ్గా పాల్గొన్నారు. సెషన్ విజయవంతంగా ముగిసింది.’ ఇలాంటి వాక్యాలు మన కాలేజీల రికార్డు పుస్తకాల్లో ఎక్కడ చూసినా కనబడతాయి. వీటిలో అబద్ధం లేకపోవచ్చు. కానీ ఆ గదిలో ఎవరున్నారు, ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారు, ఎవరి మాటకు అందరూ నవ్వారు, ఎవరు నోరు తెరవలేదు అన్నది ఒక్కటీ లేదు. ఊరి పేరు, తేదీ మార్చి మరో విద్యార్థి రికార్డులో అతికించినా సరిపోతుంది. మీరు రాసింది అలా అతికించడానికి వీలుగా ఉందా అని చూసుకోండి. ఉంటే మళ్ళీ రాయాలి.

డోనాల్డ్ షాన్ అనే ఆలోచనాపరుడు 1983లో దీన్ని రెండుగా విడదీసి చెప్పాడు. పని చేస్తూనే ఆలోచించడం ఒకటి, పని అయ్యాక వెనక్కి చూసి ఆలోచించడం రెండోది. గ్రూపులో మొదటిది చాలా కష్టం. పన్నెండు మంది ముఖాలు చూస్తూ, టైమ్ చూసుకుంటూ, వార్డెన్ వస్తున్నారేమో అని తలుపు వైపు చూస్తూ ఉన్నప్పుడు ఆలోచనకు చోటు ఎక్కడ దొరుకుతుంది? కానీ రెండోది క్రమం తప్పకుండా చేసేవాళ్ళకు కొన్నాళ్ళకు మొదటిది కూడా వస్తుంది. గ్రూపు మధ్యలో ఉండగానే ‘ఆగు, ఇప్పుడు నేను మాట్లాడకూడదు’ అని మనసుకు తడుతుంది.

గ్రూప్ వర్క్ అంటే ఒకేసారి పదిమందికి కౌన్సెలింగ్ ఇవ్వడమే కదా?

కాదు. చాలామంది రిఫ్లెక్షన్ పక్కదారి పట్టేది ఈ అపోహ వల్లే.

గ్రూపులో సాయం చేసేది మీరొక్కరే కాదు, సభ్యులు ఒకరికొకరు చేసుకుంటారు. విలియం ష్వార్ట్జ్ 1961లో ఈ పరస్పర సాయాన్నే గ్రూప్ వర్క్‌కి గుండెకాయగా నిలబెట్టాడు. వర్కర్ పని ఆ సాయం పారడానికి దారి ఇవ్వడం. కాబట్టి సెషన్ అయ్యాక ‘నేను బాగా చెప్పానా’ కన్నా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: ‘వాళ్ళు ఒకరికొకరు ఏమైనా ఇచ్చుకున్నారా, నేను దానికి అడ్డం పడ్డానా?’ కింద వచ్చే జవాబులన్నీ దాదాపుగా ఈ ప్రశ్న నుంచి పుట్టినవే.

ఈ పద్ధతి పుట్టుక చూస్తే కూడా ఇది అర్థమవుతుంది. 1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ షికాగోలో హల్ హౌస్ తెరిచినప్పుడు అక్కడికి వచ్చింది వలస కార్మికుల కుటుంబాలు. క్లబ్బులు, తరగతులు, చర్చలు, పిల్లల ఆటలు అక్కడ నడిచేవి. రోగం, మందు అన్న లెక్కలో కాకుండా కలిసి బతకడం నేర్చుకునే చోటుగా గ్రూపు మొదలైంది. మన దేశంలో 1926లో క్లిఫర్డ్ మాన్‌షార్ట్ బొంబాయి నాగ్‌పాడాలో నైబర్‌హుడ్ హౌస్ పెట్టారు. పదేళ్ళకు, 1936లో, ఆయనే తొలి డైరెక్టరుగా టాటా వారి సోషల్ వర్క్ స్కూలు మొదలైంది. అంటే మన దగ్గర సోషల్ వర్క్ చదువుకు కూడా ముందు ఒక బస్తీ, అందులో కలిసి కూర్చున్న జనం ఉన్నారు.

తెలుగువాళ్ళకు ఇంకా దగ్గరి ఉదాహరణ నెల్లూరు జిల్లా దూబగుంట. 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్ళు అక్షరాలతో పాటు తమ ఇళ్ళలో సారా చేస్తున్న నాశనం గురించి మాట్లాడుకున్నారు. ‘మా ఇంట్లోనూ ఇంతే’ అన్న మాట ఒకరి నుంచి ఒకరికి పాకింది. 1992లో అది జిల్లా దాటి ఉద్యమమైంది, 1993లో ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత అదే జిల్లాలో పొదుపు సంఘాలు పుంజుకున్నాయి. ‘ఇది నా ఒక్కదాని బాధ కాదు’ అని తెలియడం గ్రూపుకు ఉన్న మొదటి బలం. ఏ వర్కరూ ఉపన్యాసం ఇచ్చి దాన్ని పుట్టించలేరు.

ఎప్పుడు రాయాలి? సెషన్ జరుగుతుండగా నోట్సు రాసుకోవచ్చా?

సెషన్‌లో రాయకండి. పుస్తకం తెరవగానే జనం మీ కలాన్ని చూస్తారు. హాస్టల్ పిల్లలైతే అది వార్డెన్‌కి వెళ్తుందని అనుకుంటారు. సంఘం ఆడవాళ్ళైతే అప్పు గురించి రాసుకుంటున్నారని అనుకుంటారు.

బయటికి వచ్చాక, బస్సులోనో ఆటోలోనో కూర్చుని, గుర్తున్న మాటలు ఉన్నవి ఉన్నట్టు నాలుగైదు గీకేయండి. వాళ్ళు ఏ యాసలో అన్నారో అలాగే రాయండి. మీ కాలేజీ రికార్డు ఇంగ్లీషులో రాయమన్నా సభ్యుల మాటలు తెలుగులోనే తెలుగు లిపిలో పెట్టండి, కింద అర్థం రాసుకోవచ్చు. ‘సభ్యురాలు తన ఆర్థిక ఇబ్బందులను వ్యక్తపరిచారు’ అని రాస్తే ఆమె గొంతు పోతుంది. పూర్తి రిఫ్లెక్షన్ అదే రోజు రాత్రి రాయాలి. నిద్రపోయి లేచేసరికి మనసు జరిగినదాన్ని చక్కగా సర్దేస్తుంది. మీకు ఇబ్బంది అనిపించిన నిమిషాలే ముందు మాయమవుతాయి.

ఒక ఉదాహరణ చూపిస్తారా?

ఇది ఊహించి రాసిన సందర్భం. కానీ హాస్టల్‌లో గ్రూపు నడిపిన ఎవరికైనా తెలిసినదే.

సంక్షేమ హాస్టల్‌లో ఎనిమిది, తొమ్మిది తరగతుల అమ్మాయిలు పదకొండు మంది. మూడో సెషన్. విషయం ‘చదువులో ఏకాగ్రత’. వర్కర్ చార్టు తగిలించి మాట్లాడుతోంది. మధ్యలో ఒకమ్మాయి నేల వైపు చూస్తూ, ‘నాకు ఇంటికి పోవాలనిపిస్తది మేడమ్’ అంది. పక్కనున్న ఇద్దరు ఆమె వైపు తిరిగారు. ఒకమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుంది. వర్కర్ వెంటనే, ‘అలా అనుకోకూడదమ్మా, చదువుకుంటేనే కదా అమ్మానాన్నలను బాగా చూసుకునేది’ అని, చార్టులో తర్వాతి పాయింటుకు వెళ్ళింది. తర్వాత ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. అడిగినప్పుడు ‘అర్థమైంది మేడమ్’ అన్నారు.

మామూలు రికార్డులో ఇది ఇలా వస్తుంది: ‘ఒక బాలిక ఇంటి బెంగ గురించి చెప్పగా, ఆమెకు ధైర్యం చెప్పి ప్రోత్సహించాను.’

ఆ వర్కరే నిజాయితీగా వెనక్కి చూసుకుంటే ఇలా రాస్తుంది:

‘ఆ అమ్మాయి మాట చార్టులో లేని మాట. ఈ మూడు సెషన్లలో నేను అడగకుండా ఎవరైనా తమ గురించి చెప్పడం ఇదే మొదటిసారి. ఆ మాటకు ముందు స్పందించింది నేను కాదు, పక్కనున్న అమ్మాయిలు. ఒకరు చెయ్యి పట్టుకున్నారు. నేను ఒక్క క్షణం ఆగి ఉంటే వాళ్ళు ఏదో అనేవాళ్ళు. ఎందుకు ఆగలేదు? ఆమె ఏడుస్తుందేమో, ఏడిస్తే ఏం చేయాలో నాకు తెలియదు అన్న టెన్షన్ ఒకటి. చార్టులో ఇంకా నాలుగు పాయింట్లు మిగిలి ఉండటం రెండోది. నా జవాబు ఆమెను ఓదార్చలేదు, ఇంటి మీద బెంగ పెట్టుకోవడం తప్పన్నట్టు చేసింది. తర్వాత వచ్చిన మౌనం బహుశా అందుకే. వచ్చే వారం చార్టు తీసుకెళ్ళను. మొదట్లోనే, “పోయినసారి ఇల్లు గుర్తొస్తోందని ఒక మాట వచ్చింది, నేను త్వరగా దాటేశాను. అలా ఇంకెవరికైనా ఉంటుందా?” అని అడిగి ఊరుకుంటాను. ఆ అమ్మాయి పేరు ఎత్తను.’

తేడా గమనించండి. రెండోదాంట్లో వర్కర్ తనను తాను తిట్టుకోలేదు, పొగుడుకోలేదు. ఒక నిమిషాన్ని పట్టుకుని దాన్ని విప్పింది. గంటసేపు జరిగినదంతా రాయాల్సిన అవసరం లేదు. కదిలిన నిమిషం ఒక్కటి దొరికితే చాలు.

గిబ్స్ సైకిల్ ప్రకారమే రాయాలా?

గ్రాహం గిబ్స్ 1988లో ఇచ్చిన ఆరు మెట్లు చాలా కాలేజీల్లో వాడతారు: ఏం జరిగింది, ఏమనిపించింది, ఏది బాగుంది ఏది బాలేదు, ఎందుకలా జరిగింది, ఇంకేం చేసి ఉండొచ్చు, ఈసారి ఏం చేస్తాను. మొదట్లో ఇది మంచి చేయూతే. మీ డిపార్ట్‌మెంట్ అడిగితే వాడండి. ఇబ్బంది ఎక్కడంటే, ఆరు గడులు నింపడమే పనైపోతుంది. ‘ఏమనిపించింది’ దగ్గర ‘సంతోషం’, ‘ఈసారి’ దగ్గర ‘ఇంకా బాగా ప్రిపేర్ అవుతాను’. గడులు నిండాయి, ఆలోచన మొదలుకాలేదు. గడులు ఎన్నున్నా ‘ఎందుకలా జరిగింది’ అన్న చోట ఎక్కువసేపు కూర్చోండి.

గ్రూపులో గొడవ వచ్చింది. నేను ఫెయిలైనట్టేనా?

చాలాసార్లు గొడవ వచ్చిందంటే గ్రూపు ముందుకు కదిలిందని అర్థం. బ్రూస్ టక్‌మన్ 1965లో చెప్పిన దశల్లో కలవడం తర్వాత వచ్చేది రాపిడే. అదే ఏడాది బోస్టన్‌లో పిల్లల గ్రూపులను గమనించిన గార్లండ్, జోన్స్, కొలొడ్నీ కూడా అలాగే చెప్పారు. మొదట చేరీ చేరనట్టు ఉంటారు, తర్వాత పట్టు కోసం పెనుగులాడతారు, ఆ తర్వాతే దగ్గరవుతారు. ఎవరి తీరు వారిదని ఒప్పుకోవడం, విడిపోవడం చివర్లో వస్తాయి.

అయితే పరీక్షల్లో రాసినట్టు దీన్ని అన్ని గ్రూపులకూ అచ్చు వేయకండి. లిండా షిల్లర్ 1995లో ఆడవాళ్ళ గ్రూపుల గురించి చెప్పిన మాట మన పొదుపు సంఘాలకు, కిశోరి గ్రూపులకు బాగా సరిపోతుందని నాకనిపిస్తుంది. అక్కడ ముందు దగ్గరితనం, భద్రత ఏర్పడతాయి. ఎదురు మాట్లాడటం, విభేదించడం ఆ తర్వాతే వస్తుంది. కాబట్టి రెండో సెషన్‌కే మగపిల్లల గ్రూపులో తోపులాట మొదలవడం, ఆడవాళ్ళ గ్రూపు నెల దాటాక కూడా మర్యాదగానే ఉండటం, రెండూ సహజమే.

గొడవ తర్వాత రాయాల్సింది ఎవరిది తప్పు అని కాదు. దేని గురించి గొడవ మొదలైంది, అసలు దేని కోసం? క్యారమ్ బోర్డు గురించి కొట్టుకున్న పిల్లలు నిజానికి ‘ఇక్కడ ఎవరి మాట చెల్లుతుంది’ అని తేల్చుకుంటూ ఉండొచ్చు. ఇద్దరిలో ఒకరు మీతో ఎక్కువ చనువుగా ఉండేవారా? మీరు ఎవరి పేరు పెట్టి ‘ఆగు’ అన్నారు? ఈ రెండు ప్రశ్నలకు వచ్చే జవాబులు ఒక్కోసారి నచ్చవు. అయినా రాయండి.

ఎవరూ మాట్లాడటం లేదు. ఏం చేయాలి?

ముందు ఆ మౌనం ఏ రకమైనదో పోల్చుకోవాలి. ఆలోచిస్తున్న మౌనం ఒకటి, దాన్ని చెడగొట్టకూడదు. భయపడిన మౌనం ఇంకొకటి: గదిలో వార్డెన్, ఆశా వర్కర్, సర్పంచ్ భర్త, అత్తగారు ఎవరైనా ఉన్నారా? సిగ్గుతో వచ్చే మౌనం ఉంటుంది, డీ-అడిక్షన్ సెంటర్లో కుటుంబ సభ్యుల మొదటి గ్రూపు చూడండి, భార్యలూ తల్లులూ కొంగు సర్దుకుంటూ కూర్చుంటారు. అది విసుగు కూడా కావచ్చు. ఆకలి కూడా కావచ్చు. సాయంత్రం స్కూలు నుంచి వచ్చి స్నాక్స్ ఇంకా పెట్టని పిల్లలతో గ్రూపు పెడితే అది గ్రూపు సమస్య కాదు, టైమ్ సమస్య.

తర్వాత మీ వైపు చూసుకోండి. ప్రశ్న అడిగాక మీరు ఎంతసేపు ఆగారు? కొత్త వర్కర్లు రెండు మూడు క్షణాలకే మరో ప్రశ్న వేస్తారు, లేదా జవాబు తామే చెప్పేస్తారు. వచ్చే సెషన్‌లో ప్రశ్న వేసి మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. చాలా పొడుగ్గా అనిపిస్తుంది. ఆ లోపల సాధారణంగా ఎవరో ఒకరు గొంతు సవరించుకుంటారు.

ఒకరే మాట్లాడుతున్నారు, మిగతావాళ్ళు వింటున్నారు. అది సరేనా?

ఒక చిన్న పని చేయండి. సెషన్ అయ్యాక కాగితం మీద వలయంగా కూర్చున్న వాళ్ళందరికీ ఒక్కో చుక్క పెట్టండి, మీకూ ఒకటి. ఎవరు ఎవరితో మాట్లాడారో గుర్తున్నంతవరకు బాణాలు గీయండి. గ్రూపులో ఎవరికి ఎవరు దగ్గరో బొమ్మ గీసి చూసే సోషియోమెట్రీని జేకబ్ మొరెనో 1930ల్లో మొదలుపెట్టాడు, దానికి ఇది చాలా సులభమైన బంధువు.

చాలామందికి తొలి బొమ్మలో బాణాలన్నీ తమ చుక్క దగ్గరికే వస్తాయి. అంటే గ్రూపు ఇంకా గ్రూపు కాలేదు, వర్కర్‌తో విడివిడిగా మాట్లాడుతున్న పది మంది ఉన్నారు. నాలుగైదు సెషన్ల బొమ్మలు పక్కపక్కన పెట్టి చూస్తే మీ పని మీకే కనబడుతుంది. ఎక్కువ మాట్లాడేవారి విషయానికొస్తే, వాళ్ళను ఆపడమెలా అన్నదానికన్నా ముందు, వాళ్ళు మాట్లాడటం వల్ల మిగతావాళ్ళకు ఏం ఒరుగుతోందో ఆలోచించండి. ఒక్కోసారి ఆమె అందరి తరఫునా ధైర్యం చేస్తుంటుంది. ఒక్కోసారి అందరూ ఆమె వెనక దాక్కుంటారు.

మహిళా సంఘం మీటింగ్‌లోనే గ్రూప్ వర్క్ చేయొచ్చా?

చేయొచ్చు, కానీ ఆ గ్రూపు మీరు పెట్టింది కాదని గుర్తుంచుకుని. ఎక్కువమంది విద్యార్థులు ఇక్కడే పొరపడతారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

పొదుపు సంఘానికి దాని చరిత్ర, దాని లెక్కలు, దాని కోపతాపాలు ఉంటాయి. పది పదిహేను మంది సభ్యులు, లీడర్లు, పైన గ్రామ సంఘం, మండల సమాఖ్య. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ అనే పంచసూత్రాలు వాళ్ళకు కంఠతా వచ్చు. మీరు చివర్లో పావుగంట తీసుకుని ‘పోషకాహారం’ గురించి చెప్తే, మర్యాదకొద్దీ వింటారు. వాళ్ళ మనసు పొయ్యి మీద ఉంటుంది.

అంతకన్నా ముఖ్యమైనది అప్పు. ఈ గ్రూపులో ఒకరు కట్టకపోతే బాధ్యత మిగతావాళ్ళ మీద పడుతుంది. ఇద్దరు సభ్యుల మధ్య స్నేహం ఉండొచ్చు, వాళ్ళ మధ్య డబ్బు కూడా ఉంటుంది. రెండు వాయిదాలు బాకీ పడిన ఆమె, భర్త కొడుతున్నాడన్న సంగతి ఆ చాప మీద కూర్చుని చెప్పదు. ఆమెకు గ్రూపు మీద నమ్మకం లేక కాదు. ‘అందుకే కట్టలేదు’ అని సాకు చెప్తోందనుకుంటారని, లేదా జాలి పడి వాయిదా తమ నెత్తిన వేసుకుంటారని. కాబట్టి సంఘంతో పనిచేసిన రోజు రిఫ్లెక్షన్‌లో ‘ఈ గదిలో ఎవరు ఎవరికి బాకీ?’ అన్న ప్రశ్న తప్పక ఉండాలి. గృహహింస, ఆరోగ్యం లాంటి విషయాలకు సంఘం మీటింగ్ కాకుండా వేరే రోజు, ఇష్టమున్నవాళ్ళతో చిన్న గ్రూపు పెట్టడం మేలు.

లీడర్ అందరి తరఫునా జవాబు చెప్పడం కూడా చూస్తారు. ఆమెను పక్కకు నెట్టాలని చూడకండి, ఆ ఊళ్ళో మీరు లేని ఆరు రోజులూ సంఘాన్ని నిలబెట్టేది ఆమె. మీటింగ్‌కు ముందే ఆమెతో మాట్లాడండి.

కులం, వయసు, నేను ఎక్కడి నుంచి వచ్చాను అన్నవి కూడా రాయాలా?

తప్పకుండా. వర్కర్ గాలిలోంచి ఊడిపడరు.

మీటింగ్ ఎక్కడ పెట్టారో చూడండి. రామాలయం అరుగు మీద పెడితే ఏ వాడ ఆడవాళ్ళు రాలేదో, వచ్చినా ఎక్కడ నిలబడ్డారో గమనించారా? అంగన్‌వాడీ సెంటర్‌లోనో స్కూల్లోనో పెట్టి ఉంటే వచ్చేవారా? చాప మీద ఎవరు మధ్యలో కూర్చున్నారు, ఎవరు గడప దగ్గర ఆగిపోయారు? మీకు టీ ఎవరి ఇంటి నుంచి వచ్చింది, ఎవరింటి నుంచి రాలేదు?

మీ నోరు కూడా గమనించుకోండి. మీకు ఇరవై రెండేళ్ళుంటాయి, మీ అమ్మ వయసు ఆవిడ మిమ్మల్ని ‘మేడమ్’ అంటుంది. మీరు ఒకావిడను ‘అమ్మా, మీరు’ అని, ఆమె వయసే ఉన్న ఎస్సీ వాడ ఆవిడను పేరు పెట్టి ‘నువ్వు’ అని పిలిచారా? ఇది ఎవరూ కావాలని చేయరు, పెరిగిన ఇంటి నుంచి అలవాటుగా వస్తుంది. గ్రూపు మాత్రం వెంటనే పట్టేస్తుంది. ఈ ఒక్కటి సరిదిద్దుకుంటే వచ్చే మార్పు ఏ ఐస్‌బ్రేకర్ ఆటతోనూ రాదు.

మీది అదే కులం, అదే ఊరు అయినా రాయాలి. ‘మనమ్మాయే’ అనుకుంటే కొన్ని సంగతులు చెప్తారు, ఇంట్లో చెప్తుందేమోనని కొన్ని దాస్తారు.

గ్రూపులో ఎవరైనా రహస్యం చెప్తే? ‘ఇక్కడి మాట బయటికి పోదు’ అని మాట ఇవ్వొచ్చా?

పూర్తిగా ఇవ్వకండి. గ్రూపులో గోప్యత మీ చేతుల్లో మాత్రమే లేదు. మీరు నోరు విప్పకపోయినా పదకొండో వ్యక్తి విప్పొచ్చు. ‘నేను బయట చెప్పను, మనమందరం చెప్పకూడదని అనుకుందాం, కానీ ఎవరికైనా ప్రమాదం ఉందంటే మాత్రం సాయం కోసం చెప్పాల్సి వస్తుంది’ అని మొదటి రోజే చెప్పండి.

పిల్లల విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, 18 ఏళ్ళ లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు, జరిగే అవకాశం ఉందని అనుమానం కలిగినవారు కూడా పోలీసులకు గానీ ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గానీ చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. ‘నేను స్టూడెంట్‌ని’ అన్నది మినహాయింపు కాదు. అదే రోజు మీ ఏజెన్సీ (మీరు ఫీల్డ్‌వర్క్ చేస్తున్న సంస్థ) సూపర్‌వైజర్‌కి, కాలేజీ సూపర్‌వైజర్‌కి చెప్పండి. పిల్లల సాయానికి 1098 ఉంది. ఎవరైనా చనిపోవాలనిపిస్తోందని అంటే వాళ్ళను ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ 14416 ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది.

అలాంటి రోజు రిఫ్లెక్షన్‌లో ఆ బిడ్డ పేరు, ఊరు, స్కూలు రాయకూడదు. రికార్డు పుస్తకం వైవాలో పది చేతులు మారుతుంది.

సెషన్ ఫొటోలు రికార్డులో అతికించమంటున్నారు. వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టమంటున్నారు.

బాల సదనాల్లో, అబ్జర్వేషన్ హోముల్లో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం ఒప్పుకోదు. మిగతా గ్రూపుల్లోనూ ముఖాలు కనబడకుండా తీయొచ్చు: చేతులు, చార్టు, వలయంగా వదిలిన చెప్పులు. ఆడవాళ్ళతో వాట్సాప్ గ్రూపు పెట్టే ముందు ఆ ఫోన్ ఇంట్లో ఇంకెవరి చేతిలో ఉంటుందో అడగండి.

నాకు కోపం వచ్చింది, విసుగొచ్చింది అని రాస్తే మార్కులు పోతాయా?

మంచి సూపర్‌వైజర్ దగ్గర పోవు. ఆ కోపం దేని మీదో విప్పకుండా వదిలేస్తే పోవచ్చు. ‘నాకు కోపం వచ్చింది’ అన్నది సగం వాక్యమే. ‘ఆ తాగుబోతు భర్త గురించి ఆమె నవ్వుతూ చెప్తుంటే నాకు కోపం వచ్చింది, ఆమె మీద వచ్చింది, అందుకే ఆమె వైపు చూడటం మానేశాను’ అన్నది పూర్తి వాక్యం. గ్రూపులో మీరేం చేశారన్న దానికి ముడిపడినంతవరకే మీ మనసు రికార్డులోకి రావాలి. మీ ఇంటి సంగతులు, పాత గాయాలు బరువుగా తాకుతుంటే వాటిని రికార్డులో కాకుండా ఐ.సి.లో (ఇండివిడ్యువల్ కాన్ఫరెన్స్, అంటే విడిగా కూర్చునే సమయంలో) సూపర్‌వైజర్‌తో మాట్లాడండి, లేదా మీకు నమ్మకమున్న కౌన్సెలర్‌తో.

మా సూపర్‌వైజర్‌కి టైమ్ ఉండదు. సంతకం పెట్టి ఇచ్చేస్తారు.

ఇది చాలామంది బాధ, న్యాయమైన బాధే. ఒక సూపర్‌వైజర్‌కి ఎక్కువమంది విద్యార్థులను అంటగడితే ఇలాగే ఉంటుంది. ‘చదివి చెప్పండి సార్’ అని పుస్తకం ఇవ్వకండి. ఒకే ఒక ప్రశ్న కాగితం మీద రాసుకుని వెళ్ళండి: ‘ఆ అమ్మాయి ఇల్లు గుర్తొస్తోందన్నప్పుడు నేను ఆగి ఉంటే తర్వాత ఏడుపు వస్తే ఎలా చూసుకోవాలి?’ ఐదు నిమిషాల్లో జవాబు చెప్పగలిగే ప్రశ్నకు చాలామంది టైమ్ ఇస్తారు. తోటి విద్యార్థులు ముగ్గురు కలిసి వారానికోసారి ఒకరి సెషన్‌ను ఒకరు వినడం ఇంకో దారి. వినేవాళ్ళు సలహా ఇవ్వకూడదు, ప్రశ్నలే అడగాలి అని నియమం పెట్టుకోండి. ఇద్దరు కలిసి గ్రూపు నడుపుతుంటే విడివిడిగా రాసి, తర్వాత ఒకరిది ఒకరు చదవండి. ఒకే గదిలో కూర్చున్న ఇద్దరూ వేర్వేరు సెషన్లు చూసి ఉంటారు.

సెమిస్టర్ అయిపోతోంది. గ్రూపు ముగింపు గురించి ఏం ఆలోచించాలి?

టక్‌మన్ 1977లో మేరీ ఆన్ జెన్సెన్‌తో కలిసి తన నాలుగు దశలకు విడిపోవడాన్ని ఐదోదిగా చేర్చాడు. మన ఫీల్డ్‌వర్క్‌లో ఎక్కువ నిర్లక్ష్యం అయ్యేది ఇదే. కాలేజీ వాళ్ళు తేదీ చెప్తారు, చివరి రోజు బిస్కెట్లు పంచి, గ్రూప్ ఫొటో దిగి వచ్చేస్తారు.

హాస్టల్ పిల్లలకు, హోముల్లో ఉన్న పిల్లలకు వదిలి వెళ్ళేవాళ్ళు కొత్త కాదు. అందుకే ఎన్ని సెషన్లు ఉంటాయో మొదటి రోజే చెప్పాలి, సగంలో మళ్ళీ గుర్తుచేయాలి. చివరి మూడు సెషన్లలో పిల్లలు ఆలస్యంగా రావడం, మీతో పెడసరంగా మాట్లాడటం, పాత గొడవలు తిరగదోడటం కనబడితే, గ్రూపు చెడిపోయిందని రాయకండి. వెళ్ళిపోతున్నవారిని ముందే వదిలేస్తున్నారేమో చూడండి. మళ్ళీ వస్తానని చెప్పకండి, రాగలిగితే తప్ప. మీ తర్వాత ఆ ఏజెన్సీకి వచ్చే జూనియర్‌ని చివరి సెషన్‌కి తీసుకెళ్ళగలిగితే తీసుకెళ్ళండి.

మార్పు వచ్చిందని ఎలా తెలుస్తుంది?

ముందు, తర్వాత పెట్టే ప్రశ్నాపత్రం సమాచారం చేరిందో లేదో చెప్తుంది, అంతవరకే. గ్రూపు గురించి చెప్పే గుర్తులు వేరు. మీ ముఖం చూడకుండా ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారా? రానివాళ్ళ గురించి మీకన్నా ముందు వాళ్ళే అడుగుతున్నారా? గ్రూపు నియమాన్ని మీరు కాక సభ్యులే గుర్తుచేశారా? మీరు రాని వారం కూడా కూర్చున్నారా? ఇవి తేదీలతో రాసి పెట్టుకోండి, వైవాలో అడిగితే చూపించడానికి ఇంతకన్నా గట్టివి ఉండవు.

ఉద్యోగంలో చేరాక ఇదంతా రాసే టైమ్ ఉంటుందా?

ఇంత వివరంగా ఉండదు. ఎన్జీవోలో రిపోర్టులు, హాజరు లెక్కలు, ఫండర్ ఫార్మాట్లు మీ టైమంతా తినేస్తాయి. మూడు లైన్లు చాలు: ఈ రోజు గ్రూపు కదిలిన నిమిషం ఏది, అప్పుడు నేనేం చేశాను, వచ్చేసారి ఏం మారుస్తాను. రిపోర్టు పుస్తకంలో కాకుండా మీ సొంత నోట్‌బుక్‌లో, పేర్లు లేకుండా రాయండి. తర్వాతి సెషన్‌కి బయల్దేరే ముందు ఆ మూడో లైన్ ఒక్కసారి చదువుకోండి.